అంకె వెనక అర్థం రాసిపెట్టడం: సంస్థల్లో డేటా డాక్యుమెంటేషన్‌ను మెరుగుపరిచే సమగ్ర మార్గదర్శి

నెలాఖరు సమీక్షలో సేకరణ విభాగం ఒక అంకె చెబుతుంది, అకౌంట్స్ విభాగం మరో అంకె చెబుతుంది, ప్లాంటు వాళ్లు మూడో అంకె చూపిస్తారు. ఎవరి కాగితం తప్పన్న వాదనలోనే పొద్దు గడిచిపోతుంది. తీరా పరిశీలిస్తే చాలాసార్లు మూడూ సరైన అంకెలే అయి ఉంటాయి. ఏ వస్తువును, ఏ చోట, ఏ యూనిట్‌లో, ఏ సమయానికి కొలిచారన్నది ఎక్కడా రాసి లేకపోవడమే అసలు చిక్కు. ఆ వివరాలను ఒక పద్ధతిలో రాసిపెట్టి, డేటా మారినప్పుడల్లా వాటినీ మార్చుతూ ఉండడమే డేటా డాక్యుమెంటేషన్. ఆ రాత ఉండే ఫైలును డేటా డిక్షనరీ అంటున్నారు.

చిత్తూరు, తిరుపతి జిల్లాల్లో డెయిరీలు, మామిడి గుజ్జు ఫ్యాక్టరీలు, ఆసుపత్రులు, కళాశాలలు, సహకార సంఘాలు ఎన్నో ఉన్నాయి. వీటిలో మధ్యతరహా సంస్థల పరిస్థితి ఇంచుమించు ఒకే తీరుగా ఉంటుంది: కింది స్థాయిలో చేతిరాత రిజిస్టర్లు, మధ్యలో ఎక్సెల్ ఫైళ్లు, పైన చెన్నై నుంచో బెంగళూరు నుంచో కొన్న ఒక సాఫ్ట్‌వేర్. ఈ మార్గదర్శిని అటువంటి సంస్థల కోసమే రాశాను. గ్రామాల నుంచి పాలు సేకరించే ఒక డెయిరీని మొదటి నుంచీ ఉదాహరణగా తీసుకుంటాను. అది ఊహించుకున్న సంస్థే అయినా అందులోని చిక్కులు ఊహలు కావు. మీది ఆసుపత్రి అయితే పాల క్యాను ఉన్న చోట ఓపీ చీటీని పెట్టుకుని చదవండి.

మొదటి అడుగు: వాదన ఎక్కడుందో అక్కడ మొదలుపెట్టండి

ఈ పని చేపట్టిన సంస్థలు సాధారణంగా సాఫ్ట్‌వేర్‌లోని టేబుళ్లన్నిటి జాబితా తీసి, ప్రతి కాలమ్ పక్కన ఒక వాక్యం రాయమని కొత్తగా చేరిన ఉద్యోగికి అప్పగిస్తాయి. ఆ ఉద్యోగి ‘క్వాంటిటీ’ పక్కన ‘పరిమాణం’ అనీ, ‘డేట్’ పక్కన ‘తేదీ’ అనీ రాసి పని ముగించానంటారు. ఆ ఫైలును తరువాత ఎవరూ తెరవరు, తెరిచినా ప్రయోజనం ఉండదు.

దానికి బదులు, డబ్బుతోనో నిర్ణయంతోనో నేరుగా ముడిపడిన మూడు నివేదికలను ఎంచుకోండి. మన డెయిరీలో అవి రైతులకిచ్చే పది రోజుల బిల్లు, రోజువారీ సేకరణ నివేదిక, యాజమాన్యానికి వెళ్లే నెల నివేదిక. ప్రతి నివేదికలోని ప్రతి అంకె దగ్గరా ఆగి, అది ఏ ఫైలు నుంచి వచ్చింది, ఆ ఫైలులోకి ఏ రిజిస్టర్ నుంచి వచ్చింది అని వెనక్కి నడుస్తూ వెళ్లండి. ఈ నడకలో తగిలే కాలమ్‌లే మీ తొలి జాబితా. సాఫ్ట్‌వేర్‌లో వందల కాలమ్‌లు ఉన్నా నిజంగా పనిచేసేవి వాటిలో కొద్ది భాగమేనని ఇక్కడే తెలిసిపోతుంది. వాటిలో ఏ అంకె మీద విభాగాల మధ్య ఎక్కువసార్లు మాట తేడా వస్తుందో దానికి మొదటి స్థానం ఇవ్వండి.

రెండో అడుగు: అంకె పుట్టే చోటికి వెళ్లండి

ఆఫీసులో కూర్చుని రాసిన వివరణ ఆఫీసుకు తెలిసినంత వరకే ఉంటుంది. పాల లెక్క గ్రామ కేంద్రంలో తెల్లవారుజామున పుడుతుంది కాబట్టి, ఒక ఉదయం పూటా ఒక సాయంత్రం పూటా అక్కడ నిలబడి చూడాలి. రైతు క్యాను కాటా మీద పెడతారు, కేంద్రం నడిపే వ్యక్తి చిన్న సీసాలోకి నమూనా తీస్తారు, మిషను ఫ్యాట్ చూపిస్తుంది, ఆ అంకె రిజిస్టర్‌లోకీ రైతు పాసుపుస్తకంలోకీ ఎక్కుతుంది. ఇంతవరకూ సాఫ్ట్‌వేర్ మాన్యువల్‌లో ఉన్నదే. మాన్యువల్‌లో లేనిది అడిగితేనే బయటపడుతుంది.

‘మిషను పని చెయ్యకపోతే ఏం చేస్తారన్నా?’ అని అడగండి. ‘ఏముంది సార్, నిన్నటి ఫ్యాటే వేసేస్తాం’ అన్న జవాబు వస్తే ఆశ్చర్యపోవద్దు, కోప్పడవద్దు. ఆ మనిషి చేసింది ఆ పరిస్థితిలో న్యాయమైన పనే కావచ్చు. కానీ మీ డేటాబేస్‌లో కొలిచిన ఫ్యాటూ నిన్నటి నుంచి తెచ్చుకున్న ఫ్యాటూ పక్కపక్కనే ఒకే కాలమ్‌లో కూర్చుని ఉన్నాయన్న సంగతి మీకు అప్పుడే తెలిసింది. దాన్ని డిక్షనరీలో రాయాలి. వీలైతే ‘కొలిచినది’, ‘అంచనా’ అన్న రెండు విలువలతో పక్కనే మరో కాలమ్ పెట్టించాలి.

అడగవలసిన ప్రశ్నలు ఎక్కువ లేవు. అంకెను దేనితో కొలుస్తారు, ఎప్పుడు రాస్తారు, తప్పు రాస్తే ఎలా దిద్దుతారు, సాధనం చెడిపోతే ఏం వేస్తారు, కరెంటు పోయిన రోజున ఏ పుస్తకంలో రాసి తరువాత ఎప్పుడు ఎక్కిస్తారు. దిద్దుబాటు గురించిన ప్రశ్నను మాత్రం వదలకండి, ఎందుకంటే రిజిస్టర్‌లో ఎర్ర సిరాతో కొట్టివేసి రాసిన అంకె సాఫ్ట్‌వేర్‌లోకి వచ్చేసరికి ఆ ఎరుపు కనిపించదు.

తనిఖీకి వచ్చినట్టు వెళితే మాత్రం ఈ జవాబులేవీ రావు. తనిఖీ బృందంతో కలిసి వెళ్లకపోవడం, అక్కడ విన్న విషయాన్ని ఎవరి పేరూ లేకుండా పద్ధతిగా మాత్రమే రాసుకోవడం మంచిది.

మూడో అడుగు: ఒక కాలమ్‌కు పూర్తి వివరణ రాయడం

మొత్తం పనిలో మెదడుకు ఎక్కువ శ్రమ ఇక్కడే. ముందు పనికిరాని వివరణ ఎలా ఉంటుందో చూద్దాం: ‘పాల పరిమాణం: రైతు పోసిన పాల పరిమాణం.’ ఇందులో తప్పు లేదు, విషయమూ లేదు. అదే కాలమ్‌కు పనికివచ్చే వివరణ ఇలా ఉండాలి:

పేరు: కేంద్రం పాల పరిమాణం.
అర్థం: ఒక రైతు ఒక పూటలో గ్రామ కేంద్రానికి పోసి, కేంద్రం స్వీకరించిన పాల బరువు. విరిగినందువల్లనో మరో కారణంతోనో తిరస్కరించిన పాలు ఇందులో చేరవు.
యూనిట్: కిలోగ్రాము, రెండు దశాంశ స్థానాలు.
సాధనం: కేంద్రంలోని ఎలక్ట్రానిక్ కాటా, క్యాను బరువు ముందే తీసివేస్తారు.
తేదీ, పూట: పాలు పోసిన రోజు, పోసిన పూట.
అనుమతించే విలువలు: సున్నా కంటే ఎక్కువ, 200 కిలోల లోపు; దాటితే సూపర్‌వైజర్ ధ్రువీకరించాలి.
ఖాళీ: కాటా పనిచేయలేదని అర్థం. రైతు ఆ పూట రాకపోతే అసలు వరుసే ఉండదు.
బాధ్యత: సేకరణ విభాగం మేనేజర్.
అమలు: 2024 ఏప్రిల్ 1 నుంచి. అంతకుముందు కొలత పాత్రతో, లీటర్లలో.

ఇందులో ప్రతి పంక్తీ ఒక వాదనను ఆపుతుంది. యూనిట్ సంగతే తీసుకోండి. పాల సాంద్రత లీటరుకు సుమారు 1.03 కిలోలు. గ్రామాల్లో కిలోల్లో తూచిన పాలను శీతలీకరణ కేంద్రంలో ట్యాంకులో డిప్‌స్టిక్ ముంచి లీటర్లలో లెక్కిస్తారు. అదే పాలను ప్లాంటు గేటు దగ్గర వేబ్రిడ్జి మీద మళ్లీ కిలోల్లో తూస్తారు. పది వేల లీటర్లంటే దాదాపు 10,300 కిలోలు. మూడు చోట్లా కాలమ్ పేరు ‘క్యూటీవై’ (క్వాంటిటీకి పొట్టి రూపం) అనే ఉంటే, మధ్యలో 300 ఎక్కడికి పోయాయని రూటు సూపర్‌వైజర్‌ను నిలదీసే సమావేశం ఒకటి తప్పకుండా జరుగుతుంది. నిజమైన తరుగు ఎంతో తెలియాలంటే ముందు ఈ యూనిట్ తేడాను పక్కకు తీయాలి. కాలమ్ పేరులోనే యూనిట్ వచ్చేట్టు, ‘పరిమాణం_కిలో’, ‘పరిమాణం_లీటరు’ అని పెట్టుకుంటే ఇంకా మంచిది.

తేదీ కూడా అంతే. సాయంత్రం పోసిన పాలు రాత్రికి శీతలీకరణ కేంద్రానికి చేరి, మరునాటి ట్యాంకర్‌లో ప్లాంటుకు వెళతాయి. 31వ తేదీ సాయంత్రం పాలు సేకరణ విభాగం లెక్కలో ఆ నెలవి, ప్లాంటు లెక్కలో వచ్చే నెలవి. రెండు పద్ధతులూ సరైనవే, వాటిని కలిపి ఒకటి చేయనక్కరలేదు. ‘సేకరణ తేదీ’, ‘ప్లాంటు స్వీకరణ తేదీ’ అని రెండు పేర్లు పెట్టి, ఏ నివేదిక దేన్ని వాడుతుందో రాస్తే చాలు.

లెక్కించి తెచ్చే అంకెలకు మరింత జాగ్రత్త కావాలి. ఎస్‌ఎన్‌ఎఫ్‌ను, అంటే కొవ్వు కాకుండా పాలలో ఉండే ఘనపదార్థాల శాతాన్ని, పాల సాంద్రతను చూపే లాక్టోమీటర్ రీడింగ్ నుంచి లెక్కించే చోట సీఎల్‌ఆర్‌ను, అంటే ఉష్ణోగ్రతకు తగ్గట్టు సవరించిన ఆ రీడింగ్‌ను, నాలుగుతో భాగించి, దానికి ఫ్యాట్‌లో కొంత భాగాన్నీ ఒక స్థిర సంఖ్యనూ కలుపుతారు. ఈ సూత్రానికి ఒకటి కంటే ఎక్కువ రూపాలు వాడుకలో ఉన్నాయి. లాక్టోమీటర్‌ను ఏ ఉష్ణోగ్రతకు అమర్చారన్న దాన్ని బట్టి కూడా అవి మారతాయి. సీఎల్‌ఆర్ 28, ఫ్యాట్ 4.0 ఉన్న పాలను తీసుకోండి. ఫ్యాట్‌ను 0.2తో గుణించి 0.36 కలిపే సూత్రం ప్రకారం ఎస్‌ఎన్‌ఎఫ్ 8.16 వస్తుంది. ఫ్యాట్‌ను 0.25తో గుణించి 0.44 కలిపే సూత్రం ప్రకారం 8.44 వస్తుంది. ఆవు పాలకు ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ నిర్దేశించిన కనీస ఎస్‌ఎన్‌ఎఫ్ 8.3 శాతం. అంటే ఒకే క్యానులోని పాలు ఒక సూత్రంలో ప్రమాణానికి దిగువన, మరో సూత్రంలో ఎగువన నిలుస్తాయి, రైతుకు అందే ధర కూడా ఆ మేరకు మారుతుంది. కనుక ‘ఎస్‌ఎన్‌ఎఫ్: సూత్రం ప్రకారం లెక్కించినది’ అని రాసి ఊరుకోకుండా, గుణకాలతో, స్థిర సంఖ్యతో, దశాంశాలను ఏ స్థానం దగ్గర సవరిస్తారన్న వివరంతో సహా సూత్రాన్ని పూర్తిగా రాయాలి. లాక్టోమీటర్ ఏ రకమో, ఏ ఉష్ణోగ్రతకు అమర్చినదో కూడా ఆ పక్కనే ఉండాలి.

నిర్వచనం రాసే తీరుకు అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్‌ఓ/ఐఈసీ 11179లో కొన్ని మంచి నియమాలున్నాయి. అవి పెద్ద వ్యవస్థల కోసం రాసినవే అయినా చిన్న సంస్థకూ పనికివస్తాయి: నిర్వచనం ఏకవచనంలో ఉండాలి, ఒక విషయం ఏది కాదో మాత్రమే చెప్పి వదలకుండా ఏమిటో చెప్పాలి, అందరికీ తెలియని పొడి అక్షరాలు వాడకూడదు, ఒక నిర్వచనంలో మరో నిర్వచనాన్ని దూర్చకూడదు. ఆ ప్రమాణంలోని మిగతా భాగం జోలికి ఇప్పుడే వెళ్లనక్కరలేదు.

నాలుగో అడుగు: ఒక వస్తువుకు ఒకే పేరు

డాక్యుమెంటేషన్ నాణ్యంగా ఉన్నా ఏకరూపత లేకపోతే రెండు ఫైళ్లను కలపలేము. ఇందుకు మాస్టర్ జాబితాలు కావాలి: ఊళ్లు, మండలాలు, రకాలు, విభాగాలు, యూనిట్లు. ఎవరైనా కొత్త పేరు రాయాలంటే ముందు ఆ జాబితాలో చేర్పించుకోవాలన్న కట్టుబాటు ఉండాలి.

మన మామిడి సంగతే చూడండి. గుజ్జుకు వెళ్లే ఒకే రకాన్ని ఒక కొనుగోలు కేంద్రం ‘తోతాపురి’ అని రాస్తుంది, మరొకటి ‘బెంగళూరా’ అంటుంది, బయటి జిల్లా నుంచి వచ్చిన గుమస్తా ‘కలెక్టర్’ అని రాస్తారు. ఫ్యాక్టరీ నెల నివేదికలో అవి మూడు రకాలుగా కనిపిస్తాయి. పరిష్కారం వాళ్ల నోటి మాట మార్చడం కాదు. ఒక కోడ్, దానికి ఒక అధికారిక పేరు, పక్కన వాడుక పేర్లన్నీ రాసే ఒక గడి పెడితే సరిపోతుంది. గుమస్తా తనకు తెలిసిన పేరుతోనే వెతుకుతారు, ఫైల్లోకి మాత్రం కోడ్ వెళుతుంది.

ఊళ్ల పేర్ల దగ్గర సొంత జాబితా తయారు చేసుకునే శ్రమ అక్కరలేదు. కేంద్ర పంచాయతీరాజ్ మంత్రిత్వ శాఖ నిర్వహించే లోకల్ గవర్నమెంట్ డైరెక్టరీలో ప్రతి జిల్లాకూ, మండలానికీ, గ్రామానికీ ఒక ప్రత్యేక కోడ్ ఉంది. ఏర్పేడు, యేర్పేడు అని ఎవరెలా రాసినా కోడ్ ఒకటే ఉంటుంది. ఒకే పేరుతో వేరు వేరు మండలాల్లో ఉన్న పల్లెలను విడదీయడానికి కూడా ఇదే దారి.

జిల్లా పేరును మాత్రం తేదీ లేకుండా వాడకండి. 2022 ఏప్రిల్ 4న రాష్ట్రంలో 13 జిల్లాలు 26 అయినప్పుడు చిత్తూరు, నెల్లూరు జిల్లాల భాగాలతో తిరుపతి జిల్లా ఏర్పడింది. సూళ్లూరుపేట, నాయుడుపేట ప్రాంతాలు నెల్లూరు నుంచి అందులోకి వచ్చాయి. మదనపల్లె, పీలేరు ప్రాంతాలు చిత్తూరు నుంచి అన్నమయ్య జిల్లాలోకి వెళ్లాయి. 2021లో ‘చిత్తూరు జిల్లా సేకరణ’ అన్న అంకెనూ 2023లో అదే పేరుతో ఉన్న అంకెనూ పక్కపక్కన పెట్టి సేకరణ పడిపోయిందని గ్రాఫు గీయడం ఎంతో తేలిక. మండలం స్థాయిలో డేటా ఉంచుకుని, జిల్లాను వేరే పట్టిక నుంచి అమలు తేదీతో సహా తెచ్చుకుంటే ఈ ఇబ్బంది రాదు. సరిహద్దులు మళ్లీ మారినా ఆ పట్టిక ఒక్కటి సవరిస్తే చాలు.

యూనిట్లలో స్థానిక వాడుక ఇంకా ప్రమాదకరం. ఇళ్ల స్థలాల లెక్కలో తిరుపతి చుట్టుపక్కల అంకణం అంటే 36 చదరపు అడుగులు, నెల్లూరు వైపు 72. పాత నెల్లూరు జిల్లా మండలాల ఆస్తి వివరాలనూ తిరుపతి వివరాలనూ ఒకే షీట్‌లోకి చేర్చి ‘విస్తీర్ణం (అంకణాలు)’ అని పేరు పెడితే సగం వరుసలు రెట్టింపు తేడాతో తప్పుగా చదవబడతాయి. వాడుక యూనిట్‌ను ఒక కాలమ్‌లో ఉన్నది ఉన్నట్టు ఉంచి, చదరపు మీటర్లలోకి మార్చిన అంకెను మరో కాలమ్‌లో పెట్టండి. మార్పుకు వాడిన గుణకాన్ని డిక్షనరీలో రాయండి.

మనుషుల పేర్ల గురించి ఒక మాట. నగరి, చిత్తూరు వైపు తమిళ కుటుంబాలు చాలా ఉన్నాయి. పేరు ముందు అక్షరం వాళ్లకు సాధారణంగా తండ్రి పేరుది, తెలుగు కుటుంబాలకు ఇంటిపేరుది. ‘ఇంటిపేరు’ అన్న గడిని తప్పనిసరి చేసిన ఫారాల్లో ఏదో ఒకటి నింపక తప్పదు కాబట్టి అర్థం లేని విలువలు చేరతాయి. ‘పూర్తి పేరు, గుర్తింపు పత్రంలో ఉన్నట్టు’ అని ఒకే గడి పెట్టడం నయం.

ఐదో అడుగు: తేదీలు, ఖాతా నంబర్లు, ఖాళీ గడులు

03/04/2025 అన్నది ఏప్రిల్ 3వ తేదీయో మార్చి 4వ తేదీయో కంప్యూటర్ సెట్టింగును బట్టి మారుతుంది. తేదీలు రాసే అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్‌ఓ 8601 ప్రకారం 2025-04-03 అని రాస్తే ఆ సందేహం ఉండదు. ‘2024-25’ అని రాసినప్పుడు అది ఏప్రిల్ నుంచి మార్చి వరకు నడిచే ఆర్థిక సంవత్సరమా, అక్టోబరు నుంచి సెప్టెంబరు వరకు నడిచే చక్కెర సంవత్సరమా అన్నది మొదటిసారి వాడిన చోటే చెప్పాలి.

బ్యాంకు ఖాతా నంబరు, రైతు కోడ్, పిన్ కోడ్, ఫోన్ నంబరు అంకెల్లా కనిపించే అక్షరాలు. వాటితో కూడికలు, తీసివేతలు చేయం. డిక్షనరీలో వాటి రకాన్ని ‘టెక్స్ట్’ అని రాసి, ఎక్సెల్‌లోనూ అలాగే పెట్టాలి. లేకపోతే ఎక్సెల్ ముందున్న సున్నాలను మింగేస్తుంది. 15 అంకెలకు మించిన సంఖ్యల్లో చివరి అంకెలను సున్నాలుగా మార్చేస్తుంది. రైతు డబ్బు తిరిగి వచ్చేసినప్పుడు బ్యాంకుకు ఫోను చేసే ముందు ఇది చూడండి. బ్యాంకు శాఖను గుర్తించే ఐఎఫ్‌ఎస్‌సీ కోడ్‌కు 11 అక్షరాలు ఉంటాయి, ఐదోది సున్నా; ఈ నియమాన్ని ‘అనుమతించే విలువలు’ గడిలో రాస్తే తప్పులు ఎక్కించేటప్పుడే దొరుకుతాయి.

ఖాళీ గడి, సున్నా, అడ్డగీత, ‘లేదు’ — ఈ నాలుగింటికీ నాలుగు అర్థాలుండవచ్చు, నాలుగింటికీ ఒకే అర్థమూ ఉండవచ్చు. సున్నా అంటే కొలిస్తే సున్నా వచ్చిందని మాత్రమే అర్థమని సంస్థ మొత్తానికి ఒక నియమం పెట్టండి. కొలవలేదు, వర్తించదు, తెలియదు అన్న మూడింటికీ మూడు వేరు కోడ్లు ఇవ్వండి.

ఆరో అడుగు: తెలుగులో రాయండి, యూనికోడ్‌లో రాయండి

డిక్షనరీ ఇంగ్లిష్‌లో మాత్రమే ఉంటే కేంద్రం నడిపేవారికి అది పనికిరాదు. తెలుగులో మాత్రమే ఉంటే సాఫ్ట్‌వేర్ అమ్మిన చెన్నై వెండర్‌కు పనికిరాదు. కాలమ్ సాంకేతిక పేరు, సూత్రం, కోడ్లు ఇంగ్లిష్‌లోనూ, అర్థం, సేకరణ పద్ధతి, ఖాళీ గడి నియమం తెలుగులోనూ తప్పక ఉంచితే ఇద్దరికీ సరిపోతుంది. మొత్తం రెండు భాషల్లో పెట్టాలనుకుంటే ఒకటి మారి మరొకటి మారకుండా మిగిలిపోతుంది.

తెలుగు టైపు చేయడంలో రెండు చిక్కులున్నాయి. డీటీపీ కేంద్రాల్లో అను ఫాంట్లతో కొట్టించిన పాత జాబితాలు యూనికోడ్ (ఏ కంప్యూటర్‌లోనైనా ఒకేలా చదవగలిగే అక్షరాల ప్రమాణం) కావు. ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో చెత్త అక్షరాలుగా కనిపిస్తాయి, వెతికితే దొరకవు. వాటిని మార్చిన తరువాత అచ్చుతో సరిచూసుకోవాలి. రెండో చిక్కు కంటికి కనిపించదు. ‘వినోద్’ అన్న పేరు చివర కొన్ని కీబోర్డులు కనిపించని ఒక అక్షరాన్ని చేరుస్తాయి. చూడడానికి రెండు పేర్లూ ఒకటే, కంప్యూటర్‌కు మాత్రం వేరు. తెలుగు పేర్లతో రెండు జాబితాలను కలిపినప్పుడు కొన్ని వరుసలు అకారణంగా జత కుదరకపోతే ముందు దీన్ని అనుమానించండి. పేరుతో కాకుండా కోడ్‌తో జత చేయమని పైన చెప్పడానికి ఇదీ ఒక కారణం.

ఏడో అడుగు: ఒకే చోట, ఒకే నమూనాలో

మూడో అడుగులో చూపిన గడులనే సంస్థ మొత్తానికి నమూనాగా పెట్టండి. ఒక్కో విభాగం తన సౌకర్యం కోసం గడులు మార్చుకోకూడదు; అక్కరలేని గడిలో ‘వర్తించదు’ అని రాయాలి. ఫైలు స్థాయిలో మరో చిన్న నమూనా కావాలి: ఫైలు పేరు, దేని గురించి, ఎవరు తయారు చేశారు, ఏ కాలానికి, ఏ ప్రాంతానికి, ఎప్పుడు సవరించారు, ఎవరు చూడవచ్చు. ఇందుకు 1995 నాటి సమావేశం నుంచి రూపుదిద్దుకున్న, ఫైళ్ల వివరాలు రాసే ప్రమాణమైన డబ్లిన్ కోర్‌లోని 15 అంశాలు మంచి ఆధారం, అందులో మీకు కావలసినవి ఏరుకోండి.

దీనికోసం ప్రత్యేక సాఫ్ట్‌వేర్ కొనాలా అని అడుగుతుంటారు. మొదటి ఏడాది కొనవద్దన్నదే నా అభిప్రాయం. అందరూ తెరవగలిగే ఒక షేర్డ్ స్ప్రెడ్‌షీట్, మార్చే అధికారం ఇద్దరికి మాత్రమే, చాలు. పీడీఎఫ్ చేసి పంపిణీ చేయకండి. పాత పీడీఎఫ్ వాట్సాప్ గ్రూపులో చిరంజీవిగా తిరుగుతుంది. ప్రతి ఎక్సెల్ ఫైలులో మొదటి షీట్‌ను ‘చదవండి’ అన్న పేరుతో ఉంచి, అందులో డిక్షనరీ లింకు పెట్టండి.

ఎనిమిదో అడుగు: మార్పును రాయడం

డిక్షనరీ చెడిపోయేది రాసేటప్పుడు కాదు, మారేటప్పుడు. కాటా మారింది, సూత్రం మారింది, రేటు చార్టు మారింది, బ్యాంకు మారింది. 2020 ఏప్రిల్ 1న ఆంధ్రా బ్యాంకు యూనియన్ బ్యాంకులో విలీనమయ్యాక ఏఎన్‌డీబీతో మొదలయ్యే ఐఎఫ్‌ఎస్‌సీ కోడ్లు యూబీఐఎన్‌తో మొదలయ్యేవిగా మారాయి. చిత్తూరు కేంద్రంగా నడిచిన సప్తగిరి గ్రామీణ బ్యాంకు 2025 మే 1న ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకులో కలిసింది. ఇటువంటి మార్పు వచ్చినప్పుడు పాత వివరణను చెరిపివేసి కొత్తది రాయకూడదు. పాత వరుసకు ముగింపు తేదీ వేసి, కింద కొత్త వరుసను అమలు తేదీతో చేర్చాలి. మార్పు ఏమిటి, ఎందుకు, ఎవరు అనుమతించారు అన్న మూడు వివరాలూ పక్కన ఉండాలి. పాత బిల్లు మీద రైతు అడిగినప్పుడు ఆ రోజు అమల్లో ఉన్న సూత్రంతోనే జవాబు చెప్పగలగాలి.

ఇది అలవాటుగా జరగాలంటే, డిక్షనరీలో వరుస మారనిదే సాఫ్ట్‌వేర్‌లో కాలమ్ మార్చకూడదన్న నియమం ఐటీ విభాగానికి రాతపూర్వకంగా ఉండాలి. మాటగా చెప్పినది మార్చి నెలాఖరు హడావుడిలో నిలవదు.

తొమ్మిదో అడుగు: వివరణ పనిచేస్తుందో లేదో పరీక్షించడం

రెండు పరీక్షలు చాలు. మొదటిది మనిషితో. వేరే విభాగంలో పనిచేసే ఒకరికి రిజిస్టర్ పుటను, రేటు చార్టును, డిక్షనరీని ఇచ్చి, ఒక రైతు పది రోజుల బిల్లు వేయమనండి. ఆయన పక్కనే కూర్చోండి, కానీ జవాబు చెప్పకండి. ఏ ప్రశ్న దగ్గర తల ఎత్తి మీ వైపు చూస్తారో అక్కడ వివరణలో లోటు ఉంది. ‘సాయంత్రం పాలకు వేరే రేటా?’ అని అడిగారనుకోండి, జవాబు నోటితో చెప్పవద్దు, డిక్షనరీలో రాసి మళ్లీ చదవమనండి.

రెండోది డేటాతో. ప్రతి కాలమ్‌లో వాస్తవంగా ఉన్న వేరు వేరు విలువలను ఎక్సెల్‌లోని పివట్ టేబుల్‌తో తీసి, డిక్షనరీలోని అనుమతించే విలువలతో పోల్చండి. పూట కాలమ్‌లో ఉదయం, సాయంత్రం అని రెండే ఉండాలని రాసి, డేటాలో ‘ఉ’, ‘ఏఎమ్’, ‘పొద్దున’, ‘1’ కూడా కనిపిస్తే, తప్పు డేటాదో వివరణదో తేల్చాలి. వివరణ రాసిన తేదీ కంటే పాత డేటాలో ఇవి కనిపించడం సహజం కనుక వాటికి ఒక మార్పిడి పట్టిక చేయండి. కొత్త డేటాలో కనిపిస్తే ఎక్కించే ఫారంలోనే ఆపండి. ఈ పోలికను నెలకొకసారి పది రోజుల బిల్లు ముగిసిన మరునాడు చేస్తే సరిపోతుంది.

పదో అడుగు: వ్యక్తిగత వివరాలు

ఆధార్, ఫోన్, బ్యాంకు ఖాతా, ఆరోగ్య వివరాలు ఉన్న కాలమ్‌లకు డిక్షనరీలో మరో మూడు గడులు చేర్చండి: ఎందుకు సేకరిస్తున్నాం, ఎవరు చూడవచ్చు, ఎప్పుడు తొలగిస్తాం. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం ప్రకారం సేకరణ ఉద్దేశాన్ని ఆ వ్యక్తికి చెప్పాలి, ఉద్దేశం తీరాక అట్టిపెట్టుకోకూడదు. ఈ గడులు నింపేటప్పుడు ‘ఎందుకు’ అన్న దానికి జవాబు దొరకని కాలమ్‌లు కొన్ని బయటపడతాయి. వాటిని సేకరించడం మానేయడమే సులువు. డిక్షనరీలో ఉదాహరణ విలువ రాయవలసి వస్తే కల్పించిన విలువనే రాయండి, అసలు రైతుది ఎప్పుడూ రాయవద్దు.

పదకొండో అడుగు: బాధ్యత ఎవరిది

ప్రతి కాలమ్‌కూ ఒక బాధ్యుడు ఉండాలి, అదీ ఐటీ విభాగం నుంచి కాదు. ఫ్యాట్ అంటే ఏమిటో నిర్ణయించవలసింది సేకరణ, నాణ్యత విభాగాలు. ఐటీ వాళ్లు ఆ నిర్ణయాన్ని అమలు చేస్తారు. బాధ్యుడిని పేరుతో కాకుండా హోదాతో రాయండి, ఎందుకంటే మనుషులు బదిలీ అవుతారు. రెండు విభాగాలకు మాట కుదరకపోతే ఎవరు తేల్చాలన్నది ముందే రాసిపెట్టాలి. సాధారణంగా అది జనరల్ మేనేజర్ అవుతారు. తేలేవరకు రెండు నిర్వచనాలనూ రెండు వేరు పేర్లతో ఉంచడం మేలు. బలవంతంగా ఒకటి చేసిన అంకెను ఓడిన విభాగం వాడదు, తన సొంత ఎక్సెల్ మళ్లీ మొదలుపెడుతుంది.

ఈ పనికి సమయం ఇవ్వకుండా ‘మీ పనితో పాటు ఇది కూడా’ అంటే జరగదు. వారంలో ఒక పూట కేటాయించి, ఆ పూట ఆ ఉద్యోగిని మరో పనికి పిలవకూడదు. బదిలీ లేదా రాజీనామా సమయంలో ఛార్జ్ అప్పగింత జాబితాలో తాళాలు, రిజిస్టర్లతో పాటు డిక్షనరీలోని తన వరుసలను కూడా చేర్చి, తీసుకునే వ్యక్తి చదివి సంతకం చేయాలి. చదివినప్పుడు వచ్చే ప్రశ్నలకు వెళ్లిపోయే మనిషి అక్కడే ఉండగా జవాబులు రాయించుకోవచ్చు.

సాఫ్ట్‌వేర్ వెండర్ విషయంలో ఒప్పందం సమయంలోనే జాగ్రత్తపడాలి. టేబుళ్ల వివరణ, సూత్రాలు, కోడ్ల జాబితా సంస్థ ఆస్తి అనీ, ప్రతి వెర్షన్‌తో పాటు వాటిని సవరించి ఇవ్వాలనీ, అవి అందాకే చివరి వాయిదా చెల్లిస్తామనీ రాయించుకోండి. ఇప్పటికే ఒప్పందం అయిపోయి ఉంటే వార్షిక నిర్వహణ రుసుము రెన్యువల్ చేసే నెల ఈ షరతు చేర్చడానికి అనువైన సమయం. అప్పటికి మీ దగ్గర ఒక్క ‘కేంద్రం పాల పరిమాణం’ వరుసైనా పూర్తిగా రాసి ఉంటే, ఎటువంటి వివరణ కావాలో వెండర్‌కు దాన్నే నమూనాగా పంపవచ్చు.